నీళ్లు ముట్టని ఏజెంటు

శంషాబాద్ బస్టాండుకు ఎదురుగా ఒక రెండంతస్తుల బిల్డింగు ఉంది. పైన ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచి ఆఫీసు, మెట్ల కింద నా జిరాక్సు కొట్టు. కంపెనీ పేరు చెప్పను. ఆ మెట్ల కిందే బతుకుతున్నవాణ్ణి, వాళ్ల కాగితాల మీదే మా ఇంటి పొయ్యి వెలుగుతోంది. పాలసీ తీసుకునే ప్రతి మనిషి రేషను కార్డూ, బడి సర్టిఫికెట్టూ నా మిషను కిందికి రావలసిందే. అందుకని ఈ చుట్టుపక్కల ఎవరికి షుగరుందో, ఎవరు పెళ్లిచూపులకు ముందు వయసు తగ్గించుకున్నారో నాకు తెలుసు. నన్ను జిరాక్సు పెంటయ్య అంటారు. నోరు మంచిది కాదని కూడా అంటారు. అదీ నిజమే.

నేను చెప్పబోయేది కొండల్ గురించి. విమానాశ్రయం గోడకు అవతల చింతలగూడ అని చిన్న ఊరు, కొండల్‌ది ఆ ఊరే. 2008లో విమానాలు దిగడం మొదలైనప్పుడు ఆ ఊళ్లో ఇంటికొక ఉద్యోగం ఖాయమని పెద్దలంతా అన్నారు. ఉద్యోగాలు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చాయి. ట్రాలీలు తోసేవి, గడ్డి కోసేవి, పార్కింగులో చీటీలు చింపేవి. కొండల్ పొలం రోడ్డు కిందికి పోయింది కాబట్టి ఆ రోడ్డు చివరనే అతనికి చీటీలు చింపే పని ఇచ్చారు. మూడేళ్లు నిజాయితీగా చింపాడు. కొత్త కాంట్రాక్టరు వచ్చి, చింపడానికి తన మనుషులనే తెచ్చుకున్నాడు.

అప్పటికి కొండల్‌కి ముప్పై నాలుగేళ్లు. ఇంట్లో భార్య మంజుల, ఇద్దరు పిల్లలు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగినట్టు నడిచేవాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఇంతకంటే ప్రమాదకరమైన గుణం నేనింతవరకు చూడలేదు. 2011 జూన్‌లో ఒక పొద్దున నా కొట్టు ముందు నిలబడి, "అన్నా, పైన ఏజెంట్లను తీసుకుంటున్రంట, పదో తరగతి మెమో రెండు కాపీలు కొట్టు," అన్నాడు. కొట్టాను. నా బుద్ధి కూడా అంతంతమాత్రమే.

పైన శిక్షణ ఇచ్చేవాడి పేరు అరుణ్‌కుమార్. సేల్స్ మేనేజరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. ఎంత కోపం వచ్చినా 'గారూ' అనే తిడతాడు. ఆయన చేతిలో ఏజెంట్ల కోసం అచ్చు వేసిన ఒక పుస్తకం ఉండేది. అందులో పాలసీల సంగతి సగం, మిగతా సగం 'వృత్తి మర్యాదలు'. కస్టమరు ఇంటికి ఎలా వెళ్లాలి, ఎలా నిలబడాలి, నవ్వు ఎంతవరకు నవ్వాలి, అన్నీ ఉన్నాయి. తోటివాళ్లు ఆ పుస్తకాన్ని బెంచీ మీద దుమ్ము తుడుచుకోవడానికి వాడుకున్నారు. కొండల్ ఒక్కడే చదివాడు, అట్ట నుంచి అట్ట దాకా. శిక్షణ అయ్యాక మా ఇంటి ముందు వీధిలైటు కింద కూర్చుని పైకి చదువుతుంటే మా పిల్లలకు కూడా ఆ మర్యాదలన్నీ నోటికి వచ్చేశాయి.

"కొండల్ గారూ, మనం ప్రొఫెషనల్స్ అండీ," అనేవాడు అరుణ్‌కుమార్. "కస్టమర్ ఇంటికి వెళ్లేది చుట్టరికానికి కాదు. బూట్లు విప్పకండి, విప్పితే మనిషి చిన్నవాడైపోతాడు. మంచాల మీద కూర్చోకండి. టీలు, నీళ్లు, ఏమీ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే మొహమాటంలో పడతారు. గొంతు తగ్గించి, గంభీరంగా మాట్లాడండి. ముందు ఇంట్లో ఎవరెవరున్నారో కనుక్కోండి. తర్వాత అసలు ప్రశ్న వేయండి."

ఈ మర్యాదలకు తోడు ఒక టై. ముడి వేసుకోవడం రాకపోతే అరుణ్‌కుమారే వేసిచ్చాడు. ఆ ముడి పోతే మళ్లీ పడదని భయపడి కొండల్ దాన్ని ఎన్నడూ విప్పలేదు. ఇంటికి రాగానే తల మీదుగా తీసి మేకుకు తగిలించేవాడు, పొద్దున మళ్లీ తలకు తొడుక్కునేవాడు. చింతలగూడలో టై కట్టేది ఇంగ్లీషు మీడియం పిల్లలు మాత్రమే కాబట్టి ఊరంతా అతన్ని ఏ క్లాసు అని అడిగింది. నూరు విజిటింగు కార్డులు, ఫొటోతో సహా, నా దగ్గరే అచ్చు వేయించాడు. పుస్తకంలో ఉన్నట్టు రెండు చేతులతో ఊరందరికీ పంచాడు. కొండల్ తల్లి దుర్గవ్వ తన కార్డును సున్నం డబ్బాలో పెట్టుకుని ఆకుకు సున్నం రాసుకుంది. బీడీ కట్ట నలగకుండా జేబులో నిటారుగా నిలబడుతుందని అతనికి మామ వరుసయ్యే ముత్తయ్య తనది చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు. ఆ రోజుల్లో ఆ కార్డుల వల్ల ఎవరికైనా కలిగిన లాభం అదే.

కంపెనీ ఇచ్చిన గడువు మూడు నెలలు. సెప్టెంబరు ఆఖరుకల్లా ఆరు పాలసీలు కట్టించాలి, లేకపోతే కోడు రద్దు. కోడంటే కంపెనీ ఏజెంటుకు ఇచ్చే నంబరు. అది పోతే కొండల్ మళ్లీ ఏదో ఒక గేటు దగ్గర నిలబడవలసిందే, ఆ గేటు కూడా ఇప్పుడు ఖాళీగా లేదు. తెలియని ఊళ్లలో అతన్ని నమ్మేదెవరు? సొంత ఊరు నమ్మితేనే ఆరు పాలసీలు. కాబట్టి సంగతంతా చింతలగూడ గడపల మీదే ఆధారపడింది.

ఇక్కడ మా ఊళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విప్పి, కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగాకే మాట మొదలుపెడతారు. అప్పు అడగడానికి వచ్చినవాడూ అంతే, పోట్లాటకు వచ్చినవాడూ అంతే. ఒక్క మనిషికి మాత్రం ఇది వర్తించదు. చావు కబురు తెచ్చినవాడు చెప్పులు విప్పడు, కూర్చోడు, ఆ ఇంటి నీళ్లు ముట్టడు. వాకిట్లో నిలబడి, గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరున్నారని అడిగి, అప్పుడు చెబుతాడు. కొండల్‌కి ఇది తెలియదా? తెలుసు. తన తండ్రి పోయినప్పుడు నాలుగు ఊళ్లకు అలాగే నడిచి కబురు మోసినవాడే. కానీ ఏజెంటు పరీక్ష పాసైన మనిషికి పుస్తకం ముందు పుట్టిన ఊరు ఆనదు.

జులై మొదటి మంగళవారం, బూట్లు తుడుచుకుని, టై తొడుక్కుని, కొండల్ తన మొదటి కస్టమరు ఇంటికి బయలుదేరాడు. రుక్కమ్మ అతనికి వరుసకు అత్త. మొగుడు ముత్తయ్య కాటేదాన్‌లో షట్టర్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. పొద్దున్నే ఆరాంఘర్ దాకా ఒక బస్సు, అక్కడ రోడ్డు దాటి ఇంకో బస్సు. ఆ పొద్దు కూడా అలాగే వెళ్లాడు.

తర్వాత జరిగింది నేను కనీసం పదకొండు మంది నోట విన్నాను. పదకొండు మందీ ఒకే మాట చెప్పడం చింతలగూడ చరిత్రలో అదే మొదలు.

కొండల్ వాకిట్లో నిలబడ్డాడు. బూట్లు విప్పలేదు.

"ఏందిరా గట్ల నిలబడ్డవ్? కూసో," అంది రుక్కమ్మ.

"వద్దత్తా. నిలబడే చెప్త."

"జర నీళ్లన్న తాగు, చెమటలు కారుతున్నయ్." చెంబు తెచ్చి ముందుకు చాచింది.

"నీళ్లొద్దత్తా. ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నేనొక్కదాన్నే ఉన్న. ఏమాయెరా?"

"మామ యాడున్నడు?"

"కాటేదాన్ పోయిండు పొద్దుగాల్నే. ఏందిరా? ఏమాయె?"

కొండల్ పుస్తకంలో ఉన్నట్టే ఒక్క క్షణం ఆగాడు. అలా ఆగితే కస్టమరు మనసు లగ్నం అవుతుందని అరుణ్‌కుమార్ చెప్పాడట. ఆగి, గొంతు మరింత తగ్గించి, అసలు ప్రశ్న వేశాడు. "అత్తా, మామ లేకుంటే నువ్వెట్ల బతుకుతవో ఎన్నడన్న ఆలోచించినవా?"

చెంబు ఒక దిక్కు, రుక్కమ్మ ఒక దిక్కు పడ్డారు. ఆమె పెట్టిన కేక విమానాశ్రయం గోడ దాటి వెళ్లిందని ఊరివాళ్లు అంటారు, కొంచెం కోతలే అనుకోండి. ఐదు నిమిషాల్లో ఆడవాళ్లంతా గుండెలు బాదుకుంటూ వచ్చేశారు. ఎవరో ముత్తయ్యకు ఫోను చేశారు. షట్టర్లు కొట్టే చప్పుడులో ముత్తయ్యకు అది వినిపించలేదు. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. దాంతో ఉన్న అనుమానం కూడా తీరిపోయింది. అనంతమ్మ అనే పెద్దావిడ పాడె కట్టడానికి వెదురు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పిందట. కొండల్ మధ్యలో నిలబడి, "అది గాదు, నేను చెప్పేది పాలసీ గురించి," అని అరుస్తూనే ఉన్నాడు. పాలసీ అంటే అక్కడ ఎవరికి తెలుసు? ఏదో దవాఖాన పేరనుకున్నారు.

చివరికి ఎవరో కార్ఖానా యజమానికి ఫోను చేశారు. ఆయన ఫోనులో వినిపించింది ఏడుపులు మాత్రమే. ముత్తయ్యను పిలిచి, "మీ ఇంట్ల ఏదో అయినట్టుంది, జల్దీ పో," అని పంపించాడు. ముత్తయ్య రెండు బస్సుల్లోనూ ఏడుస్తూనే వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి, పోయింది రుక్కమ్మే అని ఖాయం చేసుకుని, "నన్ను ఇడిసిపెట్టి పోయినవా," అని జనంలో పడి దొర్లాడు. రుక్కమ్మ తలెత్తి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ సంగతిని చింతలగూడ ఇప్పటికీ పెళ్లిళ్లలో నటించి చూపిస్తుంది.

తర్వాత ముత్తయ్య చెప్పు చేతికి తీసుకున్నాడు. వృత్తి మర్యాదల పుస్తకంలో దీని గురించి ఏమీ లేదు. కొండల్ టై గాల్లో ఎగురుతుండగా పొలాల వెంబడి పాల్మాకుల రోడ్డు దాకా పరిగెత్తాడు.

ఆ రోజుతో అతని పేరు కబురు కొండల్ అయింది. అతను వీధి మలుపు తిరగగానే ఇళ్లలోంచి కేకలు, "మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు, నువ్వు పో!" ఒకామె అతన్ని చూసి తలుపు వేసుకుని కాటేదాన్‌కు, షాద్‌నగర్‌కు, తన మనుషులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో అక్కడికంతా ఫోన్లు చేసుకుందట. నెల గడిచింది. ఆరు పాలసీల్లో ఒక్కటీ కాలేదు. రోజూ అతను టై మేకుకు తగిలించేటప్పుడు మంజుల దాన్ని చూసి ఒక నిట్టూర్పు విడిచేది.

అరుణ్‌కుమార్ సంగతంతా విని, గంభీరంగా తల ఊపాడు. "మీ బాడీ లాంగ్వేజ్‌లో కాన్ఫిడెన్స్ తక్కువగా ఉందండీ కొండల్ గారూ," అని తేల్చి, ఆ పుస్తకాన్నే మళ్లీ ఒకసారి చదవమన్నాడు.

ఆ సాయంత్రం కొండల్ నా కొట్టు బల్ల మీద కూర్చుని, "బుక్కుల రాసింది రాసినట్టే చేసిన గదన్నా," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నవ్వూ, ఒళ్లుమంటా రెండూ కలిసి వచ్చాయి.

"ఆ బుక్కు రాసినోడు మీ ఊరికొచ్చి ఎన్నడన్న నీళ్లు తాగిండా?" అన్నాను. "నువ్వు చింతలగూడల పుట్టినవా, మేనేజరు బ్యాగుల పుట్టినవా? నువ్వు చేసినవన్ని ఒక్కటొక్కటి యాదికి తెచ్చుకో. మీ నాయిన పోయిన్నాడు నువ్వు ఇంటింటికి ఎట్ల పోయినవో అది గూడ యాదికి తెచ్చుకో."

కొండల్ టై తీసి జేబులో పెట్టుకుని, "మరి ఇప్పుడేం చేయాలన్నా?" అన్నాడు.

"పోయి రుక్కమ్మ దగ్గర నీళ్లు తాగు. ఇంకేం చెప్పకు."

మర్నాడు పొద్దున కొండల్ చెప్పుల కాళ్లతో పోయి, వాకిట్లోనే వాటిని విడిచి, కింద కూర్చున్నాడు. "అత్తా, దూప అయితుంది," అన్నాడు. ఆమె చెంబు తెచ్చి ఠక్కుమని ముందు పెట్టింది. మొత్తం తాగాడు. ఇంకోటి అడిగాడు. అదీ తాగాడు. మూడో చెంబు సగంలో పొలమారి, నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు రుక్కమ్మకు నవ్వాగలేదు.

"ఓరి కొండలూ, ఇగ యాదుంచుకో," అంది. "మా ఇంటికొస్తే ముందుగాల నీళ్లు తాగు, గప్పుడే నోరు తెరువు."

ఆ మాటే అతని వృత్తి మర్యాద అయింది. ఏ ఇంటికి పోయినా గడప దగ్గరే నీళ్లు అడిగేవాడు. అడిగాడంటే ఇంట్లో అందరూ క్షేమమని అర్థం, తలుపులు తెరుచుకునేవి. రోజుకు ఇరవై చెంబుల నీళ్లు, పది కప్పుల టీ. ఊరికీ ఆఫీసుకూ మధ్య ఏ పొద దగ్గర బండి ఆపాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అరుణ్‌కుమార్ అడిగితే ఫీల్డులో సమయం ఎక్కువ పడుతోందని చెప్పేవాడు. అది అక్షరాలా నిజం.

సెప్టెంబరు రెండో వారానికి ఐదు పాలసీలయ్యాయి. ఆరోది ముత్తయ్యది. ముత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "నేను సస్తే వచ్చే పైసలు నాకెందుకురా?" అన్నాడు. రుక్కమ్మే పట్టుబట్టింది. రెండు నెలల కింద ఒక పూట విధవగా బతికి చూసింది కదా, ఆ పూట గుర్తుంది ఆమెకు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మద్యం తాగుతారా అని. "లేదు," అన్నాడు ముత్తయ్య. అతని పెదవుల మీద అప్పుడు కూడా కల్లు నురగ ఉంది. అబద్ధమాడాడని అనుకోకండి. మా వైపు కల్లును తాగుడు కింద లెక్కవేసేవాడు ఇంకా పుట్టలేదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల ఫారాలన్నీ నేను జిరాక్సు తీశాను, వాటి ప్రకారం ఇక్కడ తాగేవాడు ఒక్కడూ లేడు. సాయంత్రం కల్లు దుకాణం ముందు కూర్చునేవాళ్లు బహుశా విమానాల్లో వచ్చిపోయేవాళ్లు అయి ఉంటారు.

"కల్లు తాగుతవు గద మామా," అన్నాడు కొండల్.

"కల్లు మందెట్లయితదిరా? చెట్టు నీళ్లు గవి," అంది రుక్కమ్మ.

కొండల్ ఫారం అలాగే పట్టుకుని ఆఫీసుకు ఫోను చేశాడు. "'లేదు' అని రాసేయండి కొండల్ గారూ," అన్నాడు అరుణ్‌కుమార్. "'అవును' అంటే హెడ్డాఫీసు డాక్టర్ల దగ్గరికి వెళ్తుంది, మూడు నాలుగు వారాలు పడుతుంది. మీ గడువు ఈ నెలాఖరు. మీ కోడ్ గురించి ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాడు. కానీ నేను ముందే చెప్పాను కదా, ఆ పుస్తకం చదివింది అతనొక్కడే. అందులో చివరికెక్కడో, ఏజెంటుకు తెలిసిన ఏ నిజాన్నీ ఫారంలో దాచకూడదని ఒక వాక్యం ఉంది. మిగతా మర్యాదలన్నీ పాటించి చెప్పు దెబ్బల దాకా వెళ్లినవాడు దీన్నొక్కదాన్ని ఎందుకు వదులుతాడు? 'రోజూ సాయంత్రం కల్లు, ఒక సీసా, పండగనాడు రెండు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

మర్నాడు ఆ ఫారంతో అరుణ్‌కుమారే స్వయంగా మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. "పెంటయ్య గారూ, ఈ పేజీ ఒక్కటి ఖాళీది తీసివ్వండి, మళ్లీ రాయిద్దాం," అన్నాడు. వెనకే కొండల్ వచ్చాడు. మేనేజరు ముందు గొంతెత్తడం అతనికి అదే మొదటిసారి.

"వద్దు సార్. నేను రాసింది గట్లనే పంపున్రి."

"మీ కోడ్ పోతుందండీ!"

"పోతే పోనీ సార్. రేపు ఏమన్న అయితే మా అత్త ముంగట నేను నిలబడాలె. గా ఊళ్లనే నేను నీళ్లు తాగాలె."

నేను మిషను స్విచ్చి ఆపేసి, కరెంటు పోయిందన్నాను. ఎదురుగా నా ఫ్యాను తిరుగుతూనే ఉంది. అరుణ్‌కుమార్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఫారం తీసుకుని పైకెళ్లాడు. మనిషి మరీ చెడ్డవాడు కాదు, పైనుంచి ఆయన మెడ మీద కూడా ఒక కత్తి ఉంది.

గడువు లోపల ఆ ఫారం హెడ్డాఫీసు నుంచి తిరిగి రాలేదు. కోడు పోవలసిందే. కానీ అదే నెల తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు నిలిచాయి, ఆఫీసులు మూతపడ్డాయి, కంపెనీ దేశమంతా చూసి చూసి మా జిల్లాకు మాత్రం గడువు రెండు నెలలు పెంచింది. కొండల్ నిజాయితీని కాపాడింది కంపెనీ కాదు, సమ్మె. నవంబరులో ముత్తయ్య పాలసీ వచ్చింది. కోడు నిలిచింది. ఆ తర్వాత అరుణ్‌కుమార్ కొత్త ఏజెంట్లకు కొండల్‌ని చూపించి, తన శిక్షణ ఎంత గొప్పదో చెప్పుకునేవాడు.

ఏడాదిన్నర బాగానే గడిచింది. కొండల్ రోజూ నీళ్లు తాగాడు, ఊరు పాలసీలు కట్టింది, కబురు కొండల్ అనే పేరు మెల్లగా చెరిగిపోయింది. ఎప్పుడు రుక్కమ్మ ఇంటికి పోయినా ఆమె చెంబు తెచ్చి అదే మాట అనేది. అది విని ముత్తయ్య, "నన్ను సంపి బతికించిన అల్లుడు," అని అందరికీ చూపించేవాడు.

మిగిలింది చెప్పే ముందు ఒక మాట. క్లెయిము వచ్చింది. విచారణకు వచ్చినాయన చాలా హుషారుగా చింతలగూడ కల్లు దుకాణం దాకా పోయి, ముత్తయ్య తాగేవాడని నలుగురి సాక్ష్యం పట్టుకుని, విజయంతో తిరిగొచ్చి ఫారం తెరిచాడు. సీసాల సంఖ్యతో సహా అందులోనే ఉంది. అప్పుడాయన మొహాన్ని జిరాక్సు తీసి పెట్టుకోవలసింది. రుక్కమ్మకు రావలసింది వచ్చింది. దీన్ని ఇక్కడే ఎందుకు చెబుతున్నానంటే, చివర చెప్పడం నాకు ఇష్టం లేదు.

2013 మే నెలలో ఒక పొద్దున, పది గంటలు కాకముందే, కొండల్ నా కొట్టు ముందుకు వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆరాంఘర్ దగ్గర రోడ్డు దాటుతున్న మనిషిని టిప్పరు గుద్దిందనీ, చొక్కా జేబులో బీడీ కట్టతో పాటు ఒక కార్డు దొరికిందనీ పోలీసు ఫోను చేశాడట. కార్డు మీద ఉన్నది కొండల్ ఫొటో, కొండల్ నంబరు. దవాఖానకు పోయి చూసి, అవునని చెప్పి, సంతకం పెట్టి వచ్చాడు.

"అత్తకు ఫోన్‌ల చెప్పొద్దని పోలీసోళ్లకు చెప్పిన," అన్నాడు. "నేనే పోతున్న. జర నీ బండి తియ్యన్నా, నా చేతులు నిలుస్తలేవు."

తీశాను. దారంతా నాకు ఒక్క వెటకారమూ రాలేదు.

రుక్కమ్మ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మమ్మల్ని చూడగానే నవ్వింది. "పెంటయ్యన్న గూడ వచ్చిండా? ఆగున్రి, ఆగున్రి, ముందుగాల నీళ్లు," అంటూ లేచి లోపలికి పోయింది.

కొండల్ అలవాటు ప్రకారం చెప్పులు విప్పాడు. విప్పి, కాసేపు వాటిని చూసి, మళ్లీ కాళ్లకు తొడుక్కున్నాడు.

ఆమె చెంబుతో గడప దాటి వచ్చేసరికి ఆ చెప్పుల కాళ్లు ఆమె కంట పడ్డాయి. నవ్వు మొహం మీదే ఉంది, ఇంకా పోలేదు. చెంబు అతని చేతిలో పెట్టింది. "తాగు," అంది.

అతను తాగలేదు. నిలబడే ఉన్నాడు.

"తాగు కొండలూ. కూసో. కూసొని తాగు." నా వైపు చూసింది. నేను కూడా కూర్చోలేదు. "గప్పుడు గూడ నువ్వు గిట్లనే నిలబడితివి. సాయంత్రం గాకముందే మీ మామ మంచిగ వచ్చిండు గద. వచ్చిండా లేదా? ఒక్క గుక్క తాగు బిడ్డా."

కొండల్ చెంబును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది గూడ మీ కంపెనోళ్లు నేర్పిందే అని చెప్పురా," అంది రుక్కమ్మ. "బుక్కుల ఉన్నదని చెప్పు. నేనేం అననురా. జర చెప్పు."

కొండల్ వంగి, చెంబును గడప పక్కన కింద పెట్టాడు.